పర్లాకిమిడి అరుగు మీద ఆదివారం కథలు: పని ఎంతవరకు వచ్చింది

ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు పక్కనే ఉన్న పర్లాకిమిడిలో మా ఇంటి అరుగు మీద ఆదివారం ఉదయాలు పిల్లల చేత తెలుగు కథలు చదివిస్తూ ఉంటాను. ఇది ఉద్యోగం కాదు, ఇష్టంతో పెట్టుకొన్న పని. వచ్చేవారు నాలుగో తరగతి నుండి ఏడో తరగతి వరకు చదువుతున్న పిల్లలు. వారికి ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా లేదా ఇంగ్లీషు, బజారులో రెండో మూడో భాషలు కలిసి నడుస్తాయి. తెలుగు అక్షరాలు చాలామందికి ఇంటి పెద్దలే నేర్పారు. వేసవి సెలవులు ముగిసినప్పటి నుండి వాస్తవిక కథల ద్వారా, అంటే మాట్లాడే జంతువులూ మాయలూ లేకుండా మన వీధిలో జరగదగిన సంగతులతో అల్లిన కథల ద్వారా, వారి అవగాహననూ పదసంపదనూ పెంచాలని ప్రయత్నిస్తున్నాను. సరిహద్దు ఊళ్ళలో ఇటువంటి పని చేసేవారికి ఉపయోగపడవచ్చునని వివరాలు రాసిపెడుతున్నాను.

వేసవి తర్వాత

తెలుగు లిపిలో ఒక సౌకర్యం ఉంది. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు వచ్చిన పిల్లవాడు ఏ పుటనైనా తడబడకుండా పైకి చదవగలడు, ఎందుకంటే రాసిన దానికీ పలికే దానికీ మధ్య ఇంగ్లీషులో ఉన్నంత దూరం తెలుగులో లేదు. పెద్దలను ఏమరపాటులో పడవేసేది కూడా ఆ సౌకర్యమే. గడగడా చదివిన పిల్లను చూసి తల్లిదండ్రులు తెలుగు వచ్చేసిందని సంతోషిస్తారు. చదివిన దానిలో ఎవరు ఎవరితో ఎందుకు అన్నారో అడిగితే ఆ పిల్ల కాగితం వైపు చూస్తుంది, అంతే. గఫ్, టన్మర్ అనే పరిశోధకులు 1986లో చెప్పిన సూత్రం ఇక్కడ నాకు బాగా పనికి వచ్చింది. చదివి అర్థం చేసుకోవడం అనేది అక్షరాలను గుర్తించి పలకగల శక్తికీ, ఆ భాషను వింటే అర్థం చేసుకోగల శక్తికీ గుణకారం చేయగా వచ్చే లబ్ధం వంటిదని వారన్నారు. కూడిక కాదు గనుక రెంటిలో ఏది సున్నాకు దగ్గరగా ఉన్నా ఫలితం కూడా అలాగే ఉంటుంది. మా పిల్లలకు మొదటిది నిండుగా ఉంది. లోటంతా రెండోదానిలో, అందులోనూ ముఖ్యంగా పుస్తకాల తెలుగులో ఉంది.

అందువల్ల కథను మొదటిసారి నేనే చదివి వినిపిస్తున్నాను, కాగితం వారి చేతికి ఇవ్వను. విని అర్థమైన కథనే తర్వాత వారు చదువుతారు. కథ మూడు వందల నుండి నాలుగు వందల మాటలు ఉంటుంది. ఏ4 కాగితం మీద పద్దెనిమిది పాయింట్ల అక్షరాలతో, వరుసల మధ్య ఎడం ఎక్కువగా ఉంచి, కుడి వైపు నాలుగో వంతు ఖాళీ వదిలి అచ్చు తీస్తున్నాను. ఆ ఖాళీ పిల్లల పెన్సిలు కోసం. తెలియని మాట కింద గీత, అనుమానం వచ్చిన చోట ప్రశ్న గుర్తు, ముందు ఏమి జరుగుతుందో తోచిన చోట చుక్క. ఇంతకంటే ఎక్కువ గుర్తులు పెడితే పిల్లల ధ్యాస కథను వదిలి గుర్తుల మీదికి పోతుంది. ఒక్కొక్క కథకు రెండు ఆదివారాలు పడుతున్నాయి.

కథలు ఎక్కడివి

పిల్లల పుస్తకాలు ప్రచురించే ప్రథమ్ బుక్స్ వారు 2015లో ప్రారంభించిన స్టోరీవీవర్ అనే వెబ్‌సైటులో తెలుగు, ఒడియా కథలు రెండూ దొరుకుతాయి, నాలుగు స్థాయిలుగా విభజించి ఉంటాయి, అచ్చు తీసుకోవడానికి అనుమతి కూడా ఉంది. ఒకే కథ రెండు భాషల్లోనూ దొరికినప్పుడు ముందు ఒడియాలో చదివించి, తర్వాత తెలుగులో చదివిస్తే పిల్లల భయం సగం పోతుంది. సమస్య, విశ్వాసం, ఉత్సాహం వంటి సంస్కృత పదాలు రెండు భాషలకూ పరిచితమైనవి కావడం మరొక ఆసరా.

అయినా మా ఊరి బతుకు ఉన్న కథలు తక్కువ. ఎత్తైన భవనాలలో లిఫ్టు ఆగిపోయిన కథ ఒకటి చదివినప్పుడు మాటలన్నీ చెప్పిన తర్వాత కూడా కథ పిల్లలకు పట్టుబడలేదు. అదే పక్క ఊరు పాతపట్నం సంత కథ అయితే కష్టమైన మాటలు ఎన్ని ఉన్నా వారు దాటిపోతారు. దీనికి కారణం 1988లో రెక్ట్, లెస్లీ చేసిన ప్రయోగంలో కనిపిస్తుంది. బేస్‌బాల్ ఆట గురించిన భాగాన్ని అమెరికాలో బడిపిల్లల చేత చదివించినప్పుడు, చదువులో వెనుకబడినా ఆ ఆట తెలిసినవారు, బాగా చదవగలిగినా ఆట తెలియనివారికంటే ఎక్కువ అర్థం చేసుకొన్నారు. విషయం ముందే తెలిసి ఉంటే కొత్త మాట తనంతట తాను చోటు వెతుక్కుంటుంది. అందుకే ఇప్పుడు సగం కథలు నేనే రాస్తున్నాను.

రాసేటప్పుడు కథనాన్ని నేటి పుస్తక భాషలోనూ, సంభాషణలను ఇక్కడి ఇళ్ళలో మాట్లాడే తెలుగులోనూ ఉంచుతున్నాను. గిడుగు రామమూర్తి పంతులు గారు 1880లో ఉపాధ్యాయుడిగా వచ్చి చేరిన ఊరు ఇది. జనం నోట ఉన్న భాషకు చదువులో చోటు ఉండాలని ఆయన చేసిన వాదం పిల్లల ముందు కూర్చున్నప్పుడు ఎంత నిజమో తెలుస్తుంది. పాత్రలు తమలాగే మాట్లాడితే పిల్లలు కథ లోపలికి వస్తారు. లోపలికి వచ్చినవారికి చుట్టూ ఉన్న పుస్తక భాష బరువుగా తోచదు.

దువ్వెన కథ

ఇంతవరకు అన్నిటికంటే బాగా పనిచేసిన కథ గురించి వివరంగా రాస్తాను. మా ఊరు కొమ్ము పనికి పేరు పొందింది. గేదె కొమ్మును వేడికి మెత్తబరచి, చదును చేసి, రంపంతో కోసి, ఆకురాయితో అరగదీసి దువ్వెనలు, కొంగలు, బొమ్మలు చేస్తారు. ఆ పని చేసే ఇంటి కుర్రవాడి మీద కథ రాశాను. తండ్రి లేని సమయంలో వాడు ఒక దువ్వెనకు మెరుగు పెట్టబోయి ఒక పన్ను విరగ్గొడతాడు. దానిని గోనెసంచి కింద దాచి బడికి పోతాడు. సాయంత్రం తిరిగి వచ్చేసరికి తండ్రి పనిలో ఉంటాడు. "తండ్రి ఒకసారి గోనెసంచి వైపు చూసి, ఏమీ అనకుండా పని కొనసాగించాడు" అని ఒక వాక్యం వస్తుంది. మరునాడు పీట మీద, విరిగిన పన్ను వరకు కోసివేసిన ఒక చిన్న దువ్వెన కనిపిస్తుంది. కథ అక్కడితో అయిపోతుంది. తండ్రికి తెలుసునని ఎక్కడా రాయలేదు.

ప్రశ్నలు మూడు రకాలుగా అడుగుతాను. సమాధానం ఒకే వాక్యంలో దొరికేవి మొదటివి: దువ్వెన ఎక్కడ దాచాడు? రెండు మూడు చోట్ల నుండి ఏరుకోవలసినవి రెండోవి: దువ్వెన విరిగిన సంగతి బయటపడకుండా వాడు ఏమేమి చేశాడు? కాగితం మీద లేనివి మూడోవి: తండ్రి ఎందుకు తిట్టలేదు? మూడో రకం ప్రశ్నకు మొదట చాలామంది "ఆయనకు తెలీదు కదా" అన్నారు. ఏ సమాధానానికైనా నేను ఒప్పు, తప్పు అనకుండా, కథలో ఏ మాట వల్ల అలా అనుకొన్నావని అడుగుతాను. అప్పుడు ఐదో తరగతి చదివే ఒక పాప కాగితం మీద వేలు పెట్టి, "ఆలబాబుకి తెలుసు మేస్టారూ, గోనె కాసి సూసినాడు గదా" అంది, అంటే వాళ్ళ నాన్నకు తెలుసు, గోనె వైపు చూశాడు కదా అని. ఆ తర్వాత మిగిలినవారు చిన్న దువ్వెన ఎక్కడి నుండి వచ్చిందో తమంతట తామే కనిపెట్టారు. వాస్తవిక కథ బలం ఇదేనని నా నమ్మకం. మాయలు ఉన్న కథలో ఏది ఎందుకు జరిగిందో రచయితే చెప్పాలి. మన బతుకు వంటి కథలో మనిషి ఎందుకు అలా చేశాడో పిల్లలు తమకు తెలిసిన మనుషులను బట్టి ఊహించగలరు, ఆ ఊహను కాగితం మీది మాటతో సరిచూసుకోగలరు.

సమాధానం ఇంటి తెలుగులో చెప్పినా ఒడియాలో చెప్పినా ఒప్పుకుంటాను. పరీక్షిస్తున్నది అవగాహనను కాబట్టి, ఆ నిమిషంలో భాషను సవరించడం నాకు తగిన పనిగా తోచదు.

మాటల సంగతి

నేర్పవలసిన మాటలను ఎంచుకోవడంలో ఐసబెల్ బెక్, ఆమె సహచరులు చేసిన మూడు శ్రేణుల విభజనను అనుసరిస్తున్నాను. ఇంట్లో రోజూ వినపడే మాటలు మొదటి శ్రేణి, వాటికి సమయం అక్కరలేదు. ఆకురాయి వంటి ఒక వృత్తికో శాస్త్రానికో చెందిన మాటలు మూడో శ్రేణి, వాటిని వస్తువు చూపించి దాటిపోతాను. మధ్యలో ఉన్నవే అసలైనవి: సంకోచించు, నిరాకరించు, గమనించు, కొనసాగించు, ఊరట, నైపుణ్యం, నిర్లక్ష్యం. ఏ కథలోనైనా ఏ పాఠంలోనైనా ఎదురయ్యేవి ఇవే, ఇళ్ళలో వినపడనివీ ఇవే. ఒక్కో కథకు ఐదారు మాటలు చాలు. అవి లేకపోతే కథే ఆగిపోతుందనిపించే రెంటిని ముందే చెబుతాను. మిగిలినవి కథలో ఎదురైన చోట, ఆ సందర్భాన్ని బట్టి పిల్లలే ఊహించిన తర్వాత చెబుతాను.

ప్రతి పిల్లకూ ఒక మాటల నోటుపుస్తకం ఉంది. అందులో కథలోని వాక్యం, తన మాటల్లో అర్థం, తన ఇంట్లో ఆ మాట సరిపోయే ఒక సంఘటన రాయాలి. నిఘంటువులోని అర్థాన్ని ఎక్కించడాన్ని నేను ప్రోత్సహించను. "సంకోచించు: వెనుకాడు" అని రాసుకొన్న పిల్లకు రెండు తెలియని మాటలు మిగులుతాయి. "కొత్త అత్తయ్య మిఠాయి ఇస్తే తీసుకోవడానికి సంకోచించాను" అని రాసిన పిల్లకు ఆ మాట సొంతమైనట్టే. ఒకసారి చూసిన మాట నిలవదు గనుక తర్వాతి కథల్లో అదే మాట మళ్ళీ వచ్చేలా రాస్తున్నాను. కథలు మనమే రాసుకోవడంలో ఉన్న పెద్ద లాభం ఇదే.

దసరా తర్వాత

పెద్ద పిల్లలు ఆధారం చూపించడం అలవాటు చేసుకొన్నారు. అడగకముందే వేలు కాగితం మీదికి పోతోంది. నాలుగో తరగతి వారికి కథ తిరిగి చెప్పడం ఇంకా కుదరలేదు. "తర్వాత, తర్వాత" అంటూ సంఘటనలను వరుస పెడతారు గాని కారణం చెప్పరు. దీనికి "ఎందుకంటే", "అందువల్ల", "అయినప్పటికీ", "అంతలో" అని నాలుగు చీటీలు చేశాను. కథ చెప్పే పిల్ల ఒక్కొక్క చీటీని ఒక్కసారైనా వాడి కింద పెట్టాలి. "అయినప్పటికీ" చీటీ అన్నిటికంటే చివర దాకా చేతిలో మిగిలిపోతోంది, కాబట్టి రాబోయే కథలో అనుకొన్నదానికి వ్యతిరేకంగా జరిగే సంఘటనలు ఎక్కువ ఉండాలని నిర్ణయించుకొన్నాను.

ఆ కథ గుణుపూరు రైలు మీద రాస్తున్నాను. అమ్మమ్మ ఊరికి బయలుదేరిన అన్నాచెల్లెళ్ళు పాతపట్నంలో దిగవలసి ఉండి, నిద్రపోయి నౌపడా దాకా వెళ్ళిపోతారు. టిక్కెట్టు అక్కడికి చెల్లదు, అయినప్పటికీ చెల్లెలు అధికారి దగ్గరికి తానే వెళ్ళి జరిగింది చెబుతుంది. ఈసారి పెద్ద పిల్లలకు ముందుగా చదివి వినిపించను, కాగితం నేరుగా ఇస్తాను. చిన్నవారికి మాత్రం పాత పద్ధతే కొనసాగుతుంది, చీటీలు కూడా ఉంటాయి.