516001ని కాగితం మీద విడగొట్టడం

కడప హెడ్ పోస్టాఫీసు పిన్‌కోడు 516001. క్యాలిక్యులేటర్ లేకుండా దాని ప్రధాన కారణాంకాలు రాబట్టాను. ఆ పని సాగిన తీరు ఇది.

2, 5 చూడగానే పోతాయి. అంకెల మొత్తం 13, కాబట్టి 3 కూడా పోయింది. 7, 11, 13లతో విడివిడిగా భాగించక్కర్లేదు. ఆ మూడింటి లబ్ధం 1001 కాబట్టి ఆరంకెల సంఖ్యను మూడేసి అంకెలుగా విడదీసి తేడా చూస్తే చాలు. 516లోంచి 001 తీస్తే 515. దాన్ని ఆ మూడూ భాగించవు. తర్వాత 17. సంఖ్యలోంచి 510000 తీసేస్తే మిగిలే 6001 సరిగ్గా 17×353. అంటే 516001 = 17×30353.

అసలు పని 30353 దగ్గర మొదలైంది. వర్గమూలం 174 పైచిలుకు. 17 నుంచి 173 దాకా 34 ప్రధాన సంఖ్యలున్నాయి, వరసగా భాగించుకుంటూ పోతే విసుగు. అందుకే ఫెర్మా పద్ధతి పట్టుకున్నాను: సంఖ్యను రెండు వర్గాల తేడాగా రాయగలిగితే కారణాంకాలు వాటంతట అవే వస్తాయి. 175²లోంచి 30353 తీస్తే 272. అక్కణ్ణుంచి మళ్లీ వర్గాలు కట్టక్కర్లేదు, 351, 353, 355 అంటూ బేసి సంఖ్యలు కలుపుతూ పోవడమే: 623, 976, 1331, 1688, 2047, 2408, 2771, 3136.

2, 3, 7, 8తో ముగిసేవి వర్గాలు కావు. చివర 1 ఉంటే పదుల స్థానంలో సరి అంకె ఉండాలి, అందుకే 1331, 2771 కూడా పోయాయి. మిగిలినవి 976, 3136. 31² 961, 32² 1024 కనుక 976 కాదు. 3136 మాత్రం 56². ఆ మెట్టు దగ్గర సంఖ్య 183. కాబట్టి 183−56 = 127, 183+56 = 239. రెండూ ప్రధానాలే.

516001 = 17×127×239

17ను ముందే తీసేయకుండా ఈ పద్ధతి మొదలెడితే 719 నుంచి 1199 దాకా 481 మెట్లు ఎక్కాలి. కారణాంకాలు దగ్గరదగ్గరగా ఉంటేనే ఫెర్మా పద్ధతి త్వరగా తెగుతుంది. చిన్నవాటిని భాగహారంతో ముందు ఏరేయమనేది అందుకే.

సరిచూసుకోవడానికి తొమ్మిదుల శేషం (9తో భాగిస్తే మిగిలేది) ఒక్కటే నమ్ముకోకూడదు. పొరపాటున 561001 అని రాసుకున్నా శేషం 4 గానే ఉంటుంది. పక్కపక్క అంకెలు తారుమారైతే 11 శేషం పట్టిస్తుంది.

కారణాంకాలు చేతికొచ్చాక మిగతా లక్షణాలు క్షణాల్లో తేలతాయి. భాజకాలు 8, వాటి మొత్తం 18×128×240 = 552960. 4తో భాగిస్తే శేషం 1 కాబట్టి రెండు వర్గాల మొత్తంగా రాయొచ్చేమో అనిపిస్తుంది, కానీ కుదరదు: 127, 239 రెండింటికీ 4తో శేషం 3. అలాంటి ప్రధానాలు సరిసంఖ్య సార్లు వస్తేనే కుదురుతుంది, ఇవి ఒక్కోసారే వచ్చాయి. 239 నాకు మరీ ఇష్టం. 1706లో ఇంగ్లండ్ గణితవేత్త జాన్ మాచిన్ π విలువను నూరు దశాంశ స్థానాల దాకా కట్టిన సూత్రంలో ఉన్నది ఈ సంఖ్యే.

కర్నూలు 518001కి 1001 కిటుకు వెంటనే ఫలిస్తుంది: 517 = 11×47. అది 3×11²×1427. అనంతపురం 515001లో 3, 41 తీసేస్తే 4187 మిగులుతుంది. అక్కడ ఫెర్మా పద్ధతి రెండో మెట్టులోనే తెగుతుంది: 66² − 4187 = 169, అంటే 53×79.