ఈస్ట్ మీద పడ్డ నింద

ఇంగ్లండ్‌లో నేను పనిచేసే బ్రెడ్ ఫ్యాక్టరీకి ఈస్ట్ ట్యాంకర్లలో వస్తుంది. తెల్లటి చిక్కటి ద్రవం. నైట్ షిఫ్టులో దాని శాంపిల్ తీసి చూడడం నా పని. స్నానం చేసినా ఆ పులిసిన వాసన వేళ్లని వదలదు. మా కావలి వైపు తాటికల్లును పులియబెట్టే వాటిలోనూ ఈ జాతి ఈస్టే ఉంటుంది.

పోయిన నెల కావలి నుంచి అక్క ఫోన్ చేసింది. మేనల్లుడికి కడుపునొప్పి, విరేచనాలు, మనిషి సగమయ్యాడు. నెల్లూరులో పరీక్షలు చేసి క్రోన్స్ వ్యాధి, అంటే పేగుల్లో ఎడతెగని వాపు తెచ్చే జబ్బు అన్నారు. రక్తపరీక్షలో ఈస్ట్‌ని పట్టుకునే యాంటీబాడీలు కనిపించాయట. "అబ్బయ్యా, వాడు రోజూ తినే బ్రెడ్డే కదరా ఇంత పని చేసింది?" అని ఒకటే ఏడుపు.

కాదక్కా అన్నాను. ఆ యాంటీబాడీలు పట్టుకునేది ఈస్ట్ కణం గోడ పైపొరలో ఉండే మానన్ అనే చక్కెర గొలుసుని. ఓవెన్‌లో ఈస్ట్ చస్తుంది గానీ ఆ గొలుసు మిగిలే ఉంటుంది. దాన్ని అరిగించే ఎంజైములు మనకు లేవు. మన పేగులో కాపురముండే బ్యాక్టీరాయిడ్స్ థెటాయోటామైక్రాన్ అనే బ్యాక్టీరియాకి ఉన్నాయి. న్యూకాజిల్ యూనివర్సిటీ శాస్త్రవేత్తలు, ఇతర దేశాల వాళ్లతో కలిసి, 2015లో నేచర్ పత్రికలో ఈ సంగతి వివరంగా రాశారు. ఆ బ్యాక్టీరియా మానన్‌ని బయట కాస్తే కోస్తుంది. పెద్ద ముక్కల్ని అలాగే లోపలికి లాక్కుని, అక్కడ విడగొట్టుకుని తింటుంది. పంక్తిలోంచి విస్తరి ఎత్తుకెళ్లి గదిలో తలుపేసుకుని తిన్నట్టు, పక్కవాటికి మెతుకు దక్కనివ్వదు. ఇంత చిన్న ప్రాణికి ఇంత పనితనమా అని నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

ఈస్ట్ గోడలో మానన్ కింద బీటా గ్లూకాన్ అనే మరో చక్కెర గొలుసుల పొర ఉంటుంది. దాన్ని గుర్తుపట్టడానికి మన రోగనిరోధక కణాల మీద డెక్టిన్-1 అనే గ్రాహకం ఉంది. అంటే ఈస్ట్ మీద ఒంటికి ఎప్పుడూ ఒక కన్ను ఉంటుంది. పైగా చాలామంది పేగుల్లో ఉండే కాండిడా అనే మరో ఈస్ట్ గోడలోనూ మానన్ ఉంది, దానివల్ల కూడా ఇవే యాంటీబాడీలు పుట్టొచ్చు. పేగు గోడ దెబ్బతింటే మానన్ లాంటివి లోపలికి చొరబడే వీలు ఎక్కువ. క్రోన్స్ ఉన్నవాళ్లలో సగం మందికి పైగా ఈ యాంటీబాడీలు కనిపిస్తాయి, జబ్బు లేని కొందరిలోనూ ఉంటాయి. అది గుర్తు మాత్రమే, దాన్ని పట్టుకుని బ్రెడ్డే కారణమని తేల్చలేం.

అక్క అప్పటికే బ్రెడ్, ఇడ్లీ, దోసె అన్నీ మాన్పించేసింది. అసలే చిక్కిపోయిన పిల్లాడికి తిండి కూడా తగ్గిస్తే ఎట్లా? ఈ వారం డాక్టర్‌ని కలుస్తున్నారు. ఏం తినాలో ఆయన్నే అడగమన్నాను, అంతకంటే ముందు మందులు ఎన్నాళ్లు వాడాలో అడగమన్నాను.