ఇద్దరు బాబ్ వెల్చ్‌లు

పాటల రికార్డు బయటకు లాగుతుంటే కవర్లోంచి ఒక బేస్‌బాల్ కార్డు, ఆటగాడి బొమ్మున్నది, జారి ఒళ్ళో పడింది.

పొద్దున ఇక్కడ ఫ్రీమాంట్‌లోనే, పక్క వీధి గరాజ్ సేల్‌లో కొన్నాను ఆ రికార్డు. 1977 నాటిది, గాయకుడు బాబ్ వెల్చ్ సోలో ఆల్బమ్. చూస్తే కార్డు మీద కూడా బాబ్ వెల్చే! ఓక్లండ్ అథ్లెటిక్స్ అనే బేస్‌బాల్ జట్టు ఆటగాడు. కార్డు ఒక మూల మడతపడి, గుడ్డలా మెత్తబడిపోయింది.

ఒక్క క్షణం ఇద్దరూ ఒకరేనేమో అనుకున్నాను. కాదు.

పాటల బాబ్ 1971 నుంచి 1974 దాకా ఫ్లీట్‌వుడ్ మ్యాక్ అనే రాక్ బ్యాండ్‌లో గిటార్ వాయించి, పాటలు రాసి పాడినాయన. ఆయన వెళ్ళిపోయాక కొత్తవాళ్ళు వచ్చారు, బ్యాండ్ ప్రపంచమంతా మోగిపోయింది. 1998లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆ బ్యాండ్‌ని చేర్చినప్పుడు ఈయన పేరు లేదు. నాకైతే అది అన్యాయమే. కష్టకాలంలో బండి లాగింది ఆయనే కదా.

బంతి బాబ్ పిచ్చర్, అంటే బంతి విసిరేవాడు. 1978 వరల్డ్ సిరీస్‌లో, అంటే అమెరికా బేస్‌బాల్ ఫైనల్స్‌లో, డాడ్జర్స్ జట్టు తరఫున, 21 ఏళ్ళ వయసులో పేరుమోసిన బ్యాటర్ రెజీ జాక్సన్ అంతటివాణ్ణి స్ట్రయికవుట్‌తో ఔట్ చేసి మ్యాచ్ ముగించాడు. తర్వాత తాగుడుతో పోరాడి బయటపడ్డాడు. 1990లో ఓక్లండ్‌కి ఆడుతూ ఒక్క సీజన్లో 27 విజయాలు, మేటి పిచ్చర్‌కిచ్చే సై యంగ్ అవార్డు. మళ్ళీ ఇంతవరకూ ఏ పిచ్చరూ అన్ని గెలవలేదు.

ఇద్దరూ జూన్‌లోనే పోయారు. ఒకరు 2012లో, ఒకరు 2014లో.

ఆ ఇంట్లో ఎవరో ఇద్దర్నీ ఇష్టపడి ఒకేచోట దాచుకున్నారు. అడుగుదామని మళ్ళీ వెళ్ళేసరికి గరాజ్ తలుపు దించేసి ఉంది.

కార్డు ఆ కవర్లోనే పెట్టేశాను. రికార్డు తిరుగుతోంది.