అను ఫాంట్‌లో కొట్టించిన నోట్సు

పోయిన నెల మా తిరుపతి కాలేజీలో అందరం వారం రోజుల ఆన్‌లైన్ ఎఫ్‌డీపీ, అదే లెక్చరర్లకిచ్చే ట్రైనింగు, చేసినాం, చేసినాం అంటే లాగిన్ అయ్యి కెమెరా ఆపేసి కూర్చున్నాం, ప్రమోషన్ ఫైల్లోకి సర్టిఫికెట్ కావాల గదా. నేనైతే మూడు రోజులు పేపర్లు దిద్దుకుంటానే విన్నా.

నాలుగోరోజు ఒక మేడమ్ ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ చూపించింది, కంప్యూటర్లో ఉండేదాన్ని పైకి చదివి వినిపించే సాఫ్ట్‌వేర్ అది. ఫ్రీనే, 2006లో చూపులేని ఒక ఆస్ట్రేలియా కుర్రాడు మొదలుపెట్టింది. రాత్రి దాన్ని వేసుకుని, మానిటర్ ఆపేసి నా ఎకనామిక్స్ నోట్సు తెరిచినా. స్కాన్ చేసిన పీడీఎఫ్‌కి ఉలుకూ లేదు పలుకూ లేదు, అది ఉత్త బొమ్మే గదా. ఎప్పుడో అను ఫాంట్‌లో కొట్టించిన ఫైలైతే ఇంకా ఘోరం, కంటికి తెలుగే గానీ లోపలుండేది ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ, వాటినే గడగడా చదువుతా ఉంది. యూనికోడ్‌లో, అంటే తెలుగు అక్షరాలకి సొంత కోడ్‌లుండే పద్ధతిలో, ఉంటేనే దానికి తెలుగు తెలుగులాగా వినిపిస్తాది.

మా సెకండియర్లో చూపులేని పిల్లోడు ఒకడున్నాడు. "నోట్సు గ్రూపులో పెట్టినా గదరా, చూసుకో" అని వాడితో ఎన్నిసార్లన్నానో! 2016 దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం దివ్యాంగులకి కనీసం 5 శాతం సీట్లున్నాయి, సరే, సీటైతే ఇచ్చినాం. మర్నాడు అడిగితే "మా అక్క చదివి రికార్డ్ చేసి పంపిస్తాది సార్" అన్నాడు. నాకు మాట రాలేదు.

ఇప్పుడు రాత్రిళ్ళు నోట్సంతా యూనికోడ్‌లో మళ్ళీ టైపు చేస్తా ఉండా. క్లాసులో కూడా "ఇదిగో ఈ గీత ఇట్లా పోతాది" అనడం మానేసి, ధర తగ్గేకొద్దీ కొనేది పెరుగుతాది, అందుకే డిమాండ్ గీత ఎడమ నుంచి కుడికి కిందికి జారుతాది అని నోటితో చెప్తా ఉండా. రెండు యూనిట్లయినాయి, మూడోదాంట్లో అన్నీ టేబుళ్ళే, వాటి సంగతి ఈ ఆదివారం చూడాల.