వెన్నులో వేసిన సన్నని గొట్టం

క్షయ మందులు మొదలుపెట్టిన రెండో నెలలో నా కుడి ఊపిరితిత్తి చుట్టూ చీము చేరింది. పక్కటెముకల మధ్య గొట్టం వేసి తీసినా, మిగిలినది గడ్డకట్టి మందపాటి పొరగా పేరుకోవడంతో ఊపిరితిత్తి విచ్చుకోలేకపోయింది. ఛాతీ తెరిచి ఆ పొరను ఒలిచేయాలని, దాన్ని డీకార్టికేషన్ అంటారని సర్జన్ గారు చెప్పారు.

మా పెదనాన్నగారి అబ్బాయికి ఇదే ఆపరేషన్ వేరే ఊళ్లో జరిగింది. అక్కడ నొప్పికి ఇంజెక్షన్లు మాత్రమే ఇచ్చారు. కుట్ల నొప్పికి భయపడి దగ్గక, కఫం నిలిచి అన్నయ్యకు న్యుమోనియా వచ్చింది. ముందురోజు సాయంత్రం మత్తు డాక్టరు గారికి ఆ సంగతే చెప్పాను. ఆవిడ మంచం పక్కన కూర్చుని, ఆపరేషన్ తర్వాత నొప్పి తెలియకుండా చేసే పద్ధతులను ఓపికగా వివరించారు. వెన్నులో ఎపిడ్యూరల్ అనే సన్నని గొట్టం వేసి మందు పంపితే రెండు వైపుల నరాలూ మొద్దుబారతాయి, బీపీ పడిపోవచ్చు. బ్లాక్ అంటే నరాలను మొద్దుబార్చే ఇంజెక్షన్; వెన్నెముక పక్కన ఇచ్చే పారావర్టిబ్రల్ బ్లాక్ ఒక వైపుకే పరిమితం. 2016లో వెలుగులోకి వచ్చిన ఎరెక్టర్ స్పైనే బ్లాక్‌లో అల్ట్రాసౌండ్‌లో చూస్తూ వీపు కండరం కింద మందు వేస్తారు. ఏది ఎంచుకోవాలన్నది రోగి ఒంటి తీరును బట్టే కాక, ఆ ఆసుపత్రిలో ఏ పరికరాలున్నాయి, ఎవరి చెయ్యి దేనిలో తిరిగిందన్న దాన్ని బట్టి కూడా ఉంటుందన్నారు. నాకు ఎపిడ్యూరల్ నిర్ణయించారు.

మర్నాడు దిండు కౌగిలించుకుని వీపు వంచి కూర్చున్నాను. స్పిరిట్ చల్లదనం, చిన్న పోటు, తర్వాత లోపల ఏదో నొక్కుతున్న భావన. "కదలకండమ్మా, అయిపోయింది" అన్నారావిడ.

మెలకువ వచ్చాక తడి దూదితో పొట్ట నుంచి పైకి తాకుతూ "చల్లగా ఉందా?" అని అడిగారు. కుట్లున్న చోట చల్లదనమే తెలియలేదు, కానీ కుడి భుజం విపరీతంగా లాగింది. ఆ నొప్పిని మోసే నరం మెడలోంచి వస్తుంది కాబట్టి ఎపిడ్యూరల్ దాన్ని ఆపలేదని చెప్పి, వేరే మందు ఇచ్చారు. రెండో రోజు బీపీ తగ్గితే వెన్నులోని గొట్టంలో వెళ్లే మందు వేగం తగ్గించారు. అయినా నేను దగ్గగలిగాను. ఊపిరి గట్టిగా పీల్చి బంతులు లేపే వ్యాయామ పరికరం, మూడు బంతుల స్పైరోమీటర్‌లో మొదటి రోజు ఒక్క బంతే లేచింది, మూడో రోజుకు రెండోదీ లేచింది.

నాలుగో రోజు వెన్నులోని గొట్టం తీసేశారు. ఆ రాత్రి నొప్పి మొదలైంది గానీ మాత్రలకు లొంగింది. తొమ్మిదో రోజున, ఇంటికి బయలుదేరే ముందు, మూడో బంతి పైకి లేచి ఒక్క క్షణం నిలిచింది.