వేళ్ల మధ్య ఖాళీలు

ఈ వారమంతా చేతులే గీశాను. ఎడమ చేతిని బల్ల మీద పెట్టుకుని, కుడి చేత్తో దాన్నే చూసి గీయడం. ముందు 30 సెకన్లలో భంగిమను మాత్రం గబగబా పట్టుకునే జెస్చర్ బొమ్మలు ఓ ఇరవై, తర్వాత 20 నిమిషాలు ఒకే బొమ్మ. బొటనవేలి కింద ఉబ్బుగా ఉండే కండ దగ్గర ప్రతిసారీ తప్పుతోంది. నిన్న రాత్రి విసిగిపోయి, వేళ్లను వదిలేసి వాటి మధ్య ఖాళీల ఆకారాలు మాత్రమే గీశాను. చెయ్యి దానంతటదే వచ్చేసింది! నిజంగా కళ్లలో నీళ్లు తిరిగాయి.

పాటలు లేకుండా నాకు గీత పడదు. కానీ మాటలున్న పాట పెడితే మనసు ఆ మాటల వెంట పోతుంది, కొలతలు తప్పుతాయి. అందుకే 2బీ పెన్సిల్‌తో కొలతలు చూసుకునేటప్పుడు వేణువో పియానోనో. ఇంకా మెత్తగా, నల్లగా పడే 6బీ పెన్సిల్‌తో నీడలు నింపేటప్పుడు మాత్రం డ్రమ్స్ గట్టిగా మోగాల్సిందే.

రష్యన్ చిత్రకారుడు కాండిన్‌స్కీ 1911లో ఆస్ట్రియా సంగీతకారుడు షోన్‌బెర్గ్ కచేరీ విని, ఆ అనుభవాన్నే బొమ్మగా వేశాడు. కాన్వాస్‌ను ముంచెత్తే ఆ పసుపును ఎన్నిసార్లు చూసినా తనివి తీరదు.

రేపు ఫిగర్ డ్రాయింగ్ (మనిషి శరీరాన్ని గీయడం) సబ్మిషన్. టెన్షన్‌గా ఉంది. పాదాలు ఇంకా మొదలే పెట్టలేదు.