ఆర్డరు వార్త చూసి బ్రాడ్‌బ్యాండ్ షేరు కొనేముందు

బెజవాడ గవర్నరుపేటలో ఏ సందులో తలెత్తినా కరెంటు స్తంభానికి నల్లటి ఫైబర్ తీగల చుట్టలు వేలాడుతుంటాయి. ఇంత గిరాకీ ఉంది కదా, పరికరాలు చేసే కంపెనీ షేరు కొంటే పోలా అనిపిస్తుంది. కానీ తీగ చేసేవాడు, పెట్టెలు చేసేవాడు, నెలనెలా బిల్లు వసూలు చేసేవాడు ఒకరు కాదు. ముగ్గురి లాభనష్టాలూ వేరు.

ఆపరేటరు ఆఫీసులో ఓఎల్‌టీ (ఫైబర్‌లోకి సిగ్నలు పంపే యంత్రం), స్తంభం మీది డబ్బాలో స్ప్లిట్టరు (ఒక పోగు కాంతిని చాలా ఇళ్లకు పంచేది), ఇంట్లో ఓఎన్‌టీ (ఫైబర్ వచ్చి చేరే పెట్టె) ఉంటాయి. ఇప్పుడు ఎక్కువగా వాడే జీపాన్ అనే పద్ధతిలో ఒక ఓఎల్‌టీ పోర్టు నుంచి వచ్చే 2.5 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు) వేగాన్ని మామూలుగా 32 లేదా 64 ఇళ్లు పంచుకుంటాయి. అది చాలనప్పుడు 10 జీబీపీఎస్ ఇచ్చే ఎక్స్‌జీఎస్-పాన్‌కు వెళ్తారు. తీగ మార్చక్కర్లేదు. పాతది 1490 నానోమీటర్ల కాంతి మీద, కొత్తది 1577 మీద నడుస్తాయి, ఒకే పోగులో రెండూ పోతాయి. మారేవి ఓఎల్‌టీ కార్డు, ఇంట్లో పెట్టె. అంటే కేబుల్ కంపెనీకి ఒక వీధిలో అమ్మకం ఒక్కసారే, పెట్టెల కంపెనీకి మళ్లీ మళ్లీ. దేని అమ్మకం ఎంతో విడదీసి చెప్పని కంపెనీని నేనైతే పక్కన పెడతాను.

అసలు గొడవ వసూళ్ల దగ్గర. కొనేవాళ్లు కొద్దిమందే, అందులో ప్రభుత్వం ఒక పెద్ద కొనుగోలుదారు. టెలికాం పరికరాలు చేసే తేజస్ నెట్‌వర్క్స్‌నే చూడండి. బీఎస్‌ఎన్‌ఎల్ 4జీ పనితో 2024-25 అమ్మకాలు సుమారు 8,900 కోట్లకు ఎగిశాయి, ఆ సరఫరా అయిపోగానే 2025 జూన్ త్రైమాసికం సుమారు 200 కోట్లకు పడి నష్టం చూపింది. పల్లెలకు ఫైబర్ వేసే కేంద్ర పథకం భారత్‌నెట్‌కు 2023లో మంజూరైన 1,39,579 కోట్లను చూసీ మురిసిపోవద్దు. అందులో పదేళ్ల నిర్వహణ ఖర్చు కూడా కలిసే ఉంది, ఏడాదికెంత, ఎవరికెంత అన్నది వేరే లెక్క.

గుంటూరు మిర్చి యార్డులో చీటీ మీద రేటు పడగానే డబ్బు చేతికొచ్చినట్టా? ఇక్కడా అంతే. సరుకు దించేశాక కూడా, టవరు దగ్గర కరెంటు రాకపోయినా రోడ్డు తవ్వే అనుమతి ఆగినా అంగీకార పరీక్ష (పరికరం పనిచేస్తోందని కొన్నవాడు చూసి ఒప్పుకోవడం) జరగదు, చివరి వాయిదా డబ్బు రాదు. ఏటా వెయ్యి కోట్ల అమ్మకం, కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీ 600 కోట్లు అయితే 600ను 1000తో భాగించి 365తో హెచ్చించండి: 219 రోజులు, అంటే అన్ని రోజుల అమ్మకం డబ్బు ఇంకా బయటే ఉంది. ఆ 600 కోట్లూ పది శాతం వడ్డీకి తెచ్చుకుంటే ఏటా 60 కోట్లు వడ్డీకే పోతాయి.

వార్షిక నివేదికలో ట్రేడ్ రిసీవబుల్స్ (కస్టమర్ల నుంచి రావాల్సిన బాకీలు) నోట్ తెరవండి. బాకీలు వయసువారీగా ఉంటాయి, మూడేళ్లు దాటిన గడి పెరుగుతుంటే అనుమానించాలి. అన్‌బిల్డ్ రెవెన్యూ, అంటే ఇంకా బిల్లే వెయ్యని అమ్మకం, దాన్నీ బాకీలోనే కలపండి. పది శాతానికి మించి కొనే కస్టమర్ల వివరం సెగ్మెంట్ నోట్‌లో (వ్యాపార విభాగాల వివరాలుండే చోట) దొరుకుతుంది. ఒక్కడే సగం కొంటుంటే మొత్తం పెట్టుబడిలో ఐదు శాతానికి మించి పెట్టొద్దు. అదీ ఒకేసారి కాదు, మూడు త్రైమాసిక ఫలితాల్లో ఒక్కోదాని తర్వాత ఒక్కో విడత.

బ్యాలెన్స్ షీటు మార్చి, సెప్టెంబరు ఫలితాలతోనే తప్పనిసరి. అందుకే జూన్, డిసెంబరు ఫలితాలప్పుడు కాన్ఫరెన్స్ కాల్ (యాజమాన్యం ఇన్వెస్టర్ల ప్రశ్నలకు జవాబిచ్చే ఫోన్ సమావేశం) వినాలి. బాకీ ఎంత వసూలైందని అడిగితే అంకె చెప్పారా, ‘త్వరలో’ అన్నారా రాసిపెట్టుకోండి.